తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి

తహ్సీన్ మేడం కాయిదం మీద గీత గీసి అడిగింది,
"నీకేం కావాలె, బాలమణీ?"

పదకొండేండ్ల సంది అందరూ అడిగినోళ్లే.
నిద్ర పట్టిందా, గోలీ మింగినవా,
నాలిక ఎత్తు, చూపియ్యి,
ఇయ్యాల తారీకెంత, ఇవి ఎన్ని వేళ్లు.
ఇది మాత్రం ఎవరూ అడగలే.
కావాలె అనే మాట నోట్లెకు రానీకి
చాయ్ చల్లారేంత సేపు పట్టింది.

పక్క కుర్చీల విఠల్ "నౌకరీ" అని రాయించిండు.
సరళాదేవి "మా పిల్ల నాతోని ఫోన్ల మాట్లాడాలె" అన్నది.
నేను, చాబీ అన్న.

ఆమె నవ్వలే.
దేని చాబీ అని కూడ అడగలే.
లక్ష్యం అని అచ్చేసిన గడిల
తాళంచెవి అని రాసి, పెన్నుకు మూత పెట్టింది.

చాబీలు నా కండ్లకంటె చెవులకే ఎరుక.
వార్డుల రాత్రిపూట ఆయా నడుముకు
గలగల గలగల,
ఏ తలుపు కాడ ఆగుతదో లెక్కపెట్టుకుంట పండేదాన్ని.
ఇంట్ల అన్న జేబుల ఒకటి,
వదిన కొంగుకు ఒకటి.
నా వంతుకు అవుతలి గొళ్లెం.

మొదలు ట్రంకుపెట్టె చాబీ ఇచ్చిన్రు.
అండ్ల ఏమున్నది? రెండు లంగాలు,
మిషను సూదుల డబ్బి,
నన్ను నేనే గుర్తుపట్టని ఫోటో ఒకటి.
అయినా రోజుకు నాలుగుసార్లు తీసి మూసేదాన్ని.
తర్వాత గోలీల అల్మారా.
మగతకు సూదిల దారం ఎక్కకపోతే
"డాక్టర్ సాబ్, రాత్రిది తగ్గియ్యి, కుట్లు వంకర పోతున్నయి" అని
నా నోటితోనే చెప్పిన.
ఆయన తగ్గించిండు. కొద్దిగ.
ఆ రోజు బోరబండ అంగట్ల
బేరం చెయ్యకుంట మూడు కట్టలు కొత్తిమీర కొన్న.

గొంతు పోయిందా అని అడుగుతరు.
పోలే.
పక్కింటి టీవీ లెక్క గోడవతల నడుస్తనే ఉంటది.
"అయిదింటికి రా, ఇప్పుడు కాజాలు కుడుతున్న" అంట.
ఒక్కోనాడు ఇంటది.
ఇనని నాడూ ఉన్నది. శ్రావణంల
వాన తెగకుంట కొట్టిన వారం,
కత్తెర పడేసి, చెప్పుల్లేకుంట
మూసాపేట నాలా దాక నడిచిపోయిన.
మళ్ల లోపల, పద్దెనిమిది రోజులు.
అయిపోయింది అనుకున్న.
నా మంచం మీద ఇంకెవరో పండుతున్నరనుకున్న.

తిరిగొస్తే
వంటింటి పక్క మేకుకు నా చాబీ.
ఎర్ర దారం అట్లనే ఉన్నది.
సరళాదేవి రోజూ గది ఊడ్చి
మళ్ల మేకుకే తగిలించిందట.
"నీదే గద" అన్నది, ఉల్లిగడ్డ కోసుకుంట.

ఇప్పుడు అమీర్‌పేటల పని. మూసాపేటల రైలెక్కుత.
భరత్‌నగర్ దాటినంక పైనుంచి ఒక ఆడగొంతు:
తదుపరి స్టేషన్ ఎర్రగడ్డ.
తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి.
తెలుగుల చెప్తది, హిందీల, ఇంగ్లీషుల.
బోగీ అంత వింటది.
ఎంత నిమ్మళమో, అందరికీ వినొచ్చే గొంతు.

మొన్న కాలేజీ పోరలు ఒకన్నొకడు నూక్కుంటున్నరు:
"దిగురా, నీ స్టేషనొచ్చింది!"
సగం బోగీ నవ్వింది.

నెలకోసారి నేను అక్కడ్నే దిగుత.
గోలీల చిట్టీ ఉంటది.
"జర జరుగు బిడ్డా, నాది ఈ స్టేషనే" అన్న.
నవ్వును ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక
ఆ పోరడు సంచి ఒళ్లోకి తీసుకున్నడు.

ఎడమవైపే తెరుచుకున్నయి.

నా గది తలుపు మాత్రం కుడివైపు.
వానలకు చెక్క ఉబ్బింది,
కొంచెం పైకెత్తి, మోకాలుతోని నూకి,
అప్పుడు తిప్పాలె.
ఎంత ఎత్తాల్నో
నాకొక్కదానికే ఎరుక.