తొడిమెలు

ధర్మాబాద్ మిర్చి యార్డుల
హమాలీ సంఘం రసీదు బుక్కు నా చేతుల పెట్టి
"నెలాఖరుకు ఇరవై మంది కావాలె" అన్నడు దిగంబర్.

మగోళ్లు ఎప్పుడో చేరిన్రు.
మిగిలింది షెడ్డు ఎనక
తొడిమెలు తీసే ఆడోళ్లు.
తుమ్ముకుంట పోయిన, తుమ్ముకుంటనే చెప్పిన.

నర్సుబాయి కొంగుముడి విప్పబోయి ఆగింది.
"పోయినేటి చందా లెక్క ఏమాయె?"
నాకు తెల్వదు.
"మీటింగు ఎన్నడు?"
మరాఠీల రాసి గోడకు అంటిస్తరు.
"గోడకు చదువొస్తదా?"

నియమావళి తెరిచిన.
మొదటి పేజీలనే ఉన్నది:
మూట మోసినోడే సభ్యుడు.
చదివి వినిపించిన, తల దించుకొని.

ఆమె నవ్వలేదు, తిట్టలేదు.
లేచి, నలభై కిలోల బస్తా
చంటిపిల్లను ఎత్తుకున్నట్టు నడుముకెత్తి
కాంటా దాక నడిచి దించింది.
"రాస్కో."
పది అడిగితే ఐదే ఇచ్చింది.
"కడమ ఐదు లెక్క చదివినంక."

నా చేతులు వణికి
కార్బన్ తిరగేసి పెట్టిన.
అసలు రసీదు ఆమె రవికెల పోయింది,
సంఘం కాపీ తెల్లగనే ఉన్నది.

రాత్రి ఆఫీసుల దిగంబర్
ఆ తెల్ల కాగితం బల్బుకు పట్టి
పెన్ను అదిమిన గీతలల్ల
ఆమె పేరు దేవులాడుతున్నడు.
తుమ్ముతున్నడు.