శనివారం ఏడింటి బస్సు

కరెంటు బిల్లు వెనక్కి తిప్పి
సుక్రేకి ప్లాను గీశాను.
మూడు గంటల దారి. అంతే.
పొటోసి చలిలో టీ తాగి ఎక్కితే
పదింటికల్లా స్వెట్టరు విప్పెయ్యొచ్చు.

తెయోఫిలో నవ్వి ఊరుకున్నాడు.
పద్దెనిమిదేళ్ళు ఆ రూటు బస్సుల కింద పడుకున్న మనిషి.
గేరుబాక్సు మూలుగు విని
ఏ మలుపులో ఎవడు తప్పు తొక్కాడో చెప్తాడు.
సుక్రే దుమ్ము అతని గోళ్ళలో ఉంది,
సుక్రేలో ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదు.

"ఏముందక్కడ? అన్నీ తెల్లగోడలేగా."
అవే కావాలి నాకు.
ఇక్కడ ఏ కిటికీ తీసినా గనుల కొండే,
తినే కంచంలోకి తొంగిచూసే చుట్టంలా.
రెండు రోజులు దానికి వీపు చూపించి
ఏదో ఒక బెంచీ మీద
ఏ పనీ లేకుండా కూచోవాలి.

లెక్క రాశాను.
బస్సుకింత. మార్కెట్టు వెనక గదికింత.
చాకొలెట్ కొట్లో ఒక పొట్లం,
పక్కన ప్రశ్నార్థకం.
కాసేపాగి ప్రశ్నార్థకాన్ని కొట్టేశాను.
ఎవాంహెలినా లంగాలు కుట్టిన డబ్బు ఇంకా ఇవ్వలేదు,
అదీ కలిపేశాను.
రాని డబ్బు కలపకుండా
ఏ ప్రయాణం లెక్క కుదిరింది గనక?

మర్నాడు చూస్తే నా రాత కింద
పెన్సిలుతో, జంకుతూ, అతని వంకర అక్షరాలు:
రాక్షసబల్లుల గోడ.
సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర
నిట్టనిలువు సున్నపురాతి మీద వేల అడుగులట.
"గోడెక్కి నడిచాయా?"
"లేదు. అవి నడిచాక నేల లేచి నిలబడింది"
క్లచ్ ప్లేటు సంగతి చెప్పినంత మామూలుగా అన్నాడు.
ఆ పూటంతా నాకు కుట్టు సాగలేదు.

మేలో నాకు జ్వరం.
జూన్‌లో అతనికి సెలవు దొరకలేదు.
జులైలో గదివాళ్ళు ఫోనెత్తలేదు.
కాగితం మడతల దగ్గర చిరిగితే టేపు వేశాను.
టేపు కింద చాకొలెట్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఆగస్టులో ఎక్కాం.
కిటికీ సీటు నాకిచ్చి
అతను కళ్ళు మూసుకుని ఇంజను వింటున్నాడు.
"మాట్లాడొచ్చుగా?"
"ఉండు, రెండో సిలిండరు..."

పిల్కొమాయో వంతెన దగ్గర బస్సాగింది.
రోడ్డు మీద రాళ్ళు, టైర్లు,
తాగునీళ్ళడుగుతూ మూడూళ్ళ జనం.
ఎప్పుడు వదుల్తారంటే
"మంత్రి వచ్చినప్పుడు" అన్నాడొక ముసలాయన,
వానెప్పుడంటే చెప్పినట్టు.

పదకొండైంది. రెండైంది.
కొందరు మూటలెత్తుకుని నడిచి దాటారు.
తెయోఫిలో అలవాటు కొద్దీ బస్సు కిందికి దూరబోతే
చొక్కా పట్టి లాగాను.
ఆ జనంలోంచే ఒకావిడ, పేరు సబాస్తియానా,
ఉడికించిన మొక్కజొన్న, జున్నుముక్క తెచ్చిచ్చింది.
డబ్బిస్తే తీసుకుంది. మంచిదైంది,
లెక్కలో మిగిలిపోతే ఏం చేసుకోను?

లోయ కదా, వెచ్చగా ఉంది.
మేజోళ్ళు విప్పి ఏటివైపు దిగాను.
"నీళ్ళు ముట్టుకోకు" అని అరిచింది సబాస్తియానా,
"పైనుంచి మీ గనులు కడిగిన నీళ్ళవి."
మా కొండే.
నా కంటే ముందొచ్చి ఇక్కడ కూచుంది.

తడి ఇసుక మీద మాత్రం నడిచాను.
వెనక్కి తిరిగితే తెయోఫిలో వంగి
నా అడుగుల్లోకి చూస్తున్నాడు,
కారిన ఆయిలు చూసినట్టు.
"మడమ మీదే బరువంతా వేస్తున్నావు" అన్నాడు.
ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ చెప్పలేదీ మాట.

చీకటిపడ్డాక డ్రైవరు లైట్లార్పాడు.
సీట్లు వెనక్కి వాల్చుకున్నాం.
ఎవరిదో పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.
కాగితం తీసి తడుముకుంటే
గది డబ్బు, గోడ టికెట్టు డబ్బు అలాగే ఉన్నాయి.

"నిద్రపోలేదా?"
"లేదు" అన్నాడు, పైకప్పు చూస్తూ.
"బస్సు లోపల పడుకోవడం
నాకిదే మొదలు."