ఊరికే

డాన్యూబ్ మీద పొగమంచు దిగిన వారం,
రూసే రేవు దీపాలు పగలే వెలుగుతున్న వేళ,
రాడొస్తీనా ఓ లాప్‌టాప్‌ని
జబ్బుచేసిన కోడిపెట్టలా శాలువాలో చుట్టి తెచ్చింది.
ఒక కీలు విరిగింది. మూతకి బట్టల క్లిప్పు.
"షాపువాడు చచ్చిపోయిందన్నాడు. నువ్వేమంటావు?"

ముప్పై ఏళ్లు రేవులో క్రేన్ నడిపిన మనిషి.
ఇనుము చచ్చిందంటే ఓ పట్టాన నమ్మదు.

నేనేమీ అనలేదు.
స్క్రూలు విప్పి సీసా మూతలో పోశాను, పదకొండు.
మళ్లీ బిగించేసరికి ఎప్పుడూ ఒకటి మిగులుతుంది.
అది దేన్ని పట్టుకుని ఉండేదో
ఇంతవరకూ ఏ యంత్రమూ నన్ను నిలదీయలేదు.

ఫ్యాన్ నిండా బూడిదరంగు దూది.
పిల్లి వెంట్రుకలు, రొట్టె నుసి,
ఒక వంటింటిని పదిహేనేళ్లు పీల్చి
విడవకుండా దాచుకున్న ఊపిరి.
పాత టూత్‌బ్రష్షుతో గీరుతుంటే
వేయించిన మిరపకాయల వాసన, ఒట్టు.

పెన్‌డ్రైవ్ గుచ్చాను.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
వాన ముందు చీమల్లా హడావుడిగా పైకి పాకాయి.
లైసెన్సు కాగితం ఎవరూ చదవరు, నేనూ చదవను,
ఆ రాత్రి మాత్రం పని లేక చదివాను:
దీనికి ఏ హామీ లేదు.
ఫలానా పనికి పనికొస్తుందనీ చెప్పలేం.
వాడుకో, విప్పి చూసుకో, మార్చుకో,
నీ దగ్గర ఆపకుండా ఇంకొకరికి ఇవ్వు.

టీ చల్లారిపోయింది.
నేను పుట్టిన రోజు ఆసుపత్రివాళ్లు
మా అమ్మ చేతికిచ్చిన చీటీ మీద
ఈ నాలుగు ముక్కలూ ఉండాల్సింది.

ఆమెకి కావలసింది పెద్దదేం కాదు.
పచ్చడి సీసాల మీద అంటించే చీటీలు అచ్చు కావాలి.
ప్రింటర్‌ని చేసినవాళ్లు దాన్ని ఎప్పుడో మరిచిపోయారు.
ఎవరో, ఎక్కడో, ఊరూ పేరూ తెలీని ఒకరు
దానికోసం ఇన్నాళ్లూ డ్రైవర్ రాస్తూనే ఉన్నారు.
నూట నలభయ్యో వరస దగ్గర ఒక మాట వదిలారు:
ఇది ఎందుకు పనిచేస్తోందో నాకు తెలీదు. దయచేసి కదపకండి.

నా భార్య భుజం మీదుగా వంగి చదివింది.
మా కాపురం గురించి ఇంత క్లుప్తంగా
ఎవరూ రాయలేదనుకుంటా.
నవ్వి, గదిలో దీపం తగ్గించి వెళ్లింది.

ఒక్కటే కుదరలేదు, గడియారం.
అణాబిళ్లంత బ్యాటరీ, బోర్డుకి అతుక్కుని చచ్చింది.
తీగ లాగిన ప్రతిసారీ
దానికి మళ్లీ రెండువేల మూడు, జనవరి ఒకటి.
ఆమె ఇంట్లో ఇంటర్నెట్ లేదు, కాదని చెప్పేవాళ్లు లేరు.
దిగులు లేకుండా, పగ లేకుండా,
రోజూ అదే మొదటి తారీఖులోకి కళ్లు తెరుస్తుంది.

నా సోల్డరింగ్ ఇనుము మా అన్న కాలోయాన్ దగ్గరుంది.
అడగడానికి వెళ్తే ఫ్యాక్టరీ మూసేసిన రోజు కథ
మొదటినుంచీ వినాలి.
వాడిలో ఏ బిళ్ల మార్చాలో
ఏ డ్రైవర్ రాసినవాడికీ తెలీదు.
వెళ్లలేదు. వెళ్లాల్సింది.

"ఎంతివ్వాలి?"
"ఊరికే."
"మరి రెండు రాత్రులు కూర్చుని ఎందుకు చేశావు?"
"ఊరికే."
ఒకే మాట రెండుసార్లు అన్నాననుకుంది.
కాదు, అవి రెండు మాటలు.
మొదటిదానికి డబ్బు లేదు.
రెండోదానికి కారణం లేదు.
రెండోదే కాస్త ఖరీదు.

అరవై సీసాలకి అరవై చీటీలు అచ్చేసింది.
అన్నిటి మీదా రెండువేల మూడు.
తారీఖు చేత్తో కొట్టి దిద్దుకోవచ్చని చెప్పాను.
కళ్లజోడు పైకెత్తి చూసింది.
"ఉండనీ. ఆ ఏడు మిరప బాగా పండింది."

వెళ్తూ ఒక సీసా బల్ల మీద పెట్టింది,
మిగిలిపోయిన స్క్రూ పక్కన.
పొద్దున రొట్టె మీద రాసుకు తిన్నాను.
ఘాటు మాత్రం
ఈ ఏటిదే.