రిమార్కుల గడి

ఏడో కంపెనీ కూడా మెయిల్లోనే చెప్పింది.
"ప్రస్తుతానికి మీ ప్రొఫైల్..." ఆ పైన చదవలేదు.
ఆ వాక్యం ఎక్కడ దిగుతుందో
రోజూ ఎక్కే ఒంగోలు బస్సంత తెలుసు నాకు.

సర్టిఫికెట్లు పదకొండు.
జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్, క్లౌడ్.
ఆ క్లౌడ్‌ది అద్దంకి బస్టాండ్ దగ్గర కోచింగ్ సెంటర్లో
కరెంటు పోయిన రోజు చేతిలో పెట్టారు.
సాఫ్ట్ స్కిల్స్ సారు నవ్వడం నేర్పాడు,
పెదవులు ఎంత మేర తెరవాలో,
"అతిగా కష్టపడటమే నా బలహీనత" అని
కళ్లార్పకుండా ఎట్టా అబద్ధమాడాలో.
ఇంటర్వ్యూలో ఒకాయన నా పేరును ముక్కలు చేసి
"మిస్ నీసా" అన్నాడు.
కరీమున్నీసా అని దిద్దలేకపోయాను.
కమ్యూనికేషన్: పదికి నాలుగు.

అట్టా వచ్చి పడ్డాను చీమకుర్తిలో,
బ్లాకుల యార్డు పక్కన రేకుల గదిలో.
స్టాకునంతా కంప్యూటర్లోకి ఎక్కించే పని.
నెలకు పన్నెండు వేలు, మధ్యాహ్నం మజ్జిగ.
బయట నల్లరాళ్లు, ఒంటినిండా వెండి చుక్కలు,
ఒక్కోదాని నుదుట ఎర్రపెయింటు నంబరు.
పొడవు, వెడల్పు, ఎత్తు, ఏ క్వారీ, ఏ తేదీ,
డేటాబేస్ పేపర్లో తొంభై ఒకటి తెచ్చుకున్న చేతులతో
ముద్దుగా కట్టుకున్నాను.
చివర ఒక గడి. పగులు: ఉంది, లేదు.

మార్కర్ మాల్యాద్రి పొద్దున్నే వస్తాడు.
జేబులో బీడీకట్ట, చేతిలో చిన్న సుత్తి.
రాతి మీద ఒక దెబ్బ. చెవి వంచుతాడు.
ఇంకో మూల, ఇంకో దెబ్బ.
"రెండొందల పద్నాలుగు?" అడిగాను.
"ఇప్పటికి లేదమ్మాయ్."
"ఉందా లేదా బాబాయ్?"
"లేదు. వాన పడ్డాక ఉంటది."
నా గడిలో రెండే మాటలు పడతాయి.
కురచైపోయిన చొక్కాను చూసినట్టు
నా స్క్రీను వంక చూసి
"ఇందులో రాయి పట్టదే" అన్నాడు.

లేదు అని కొట్టాను.
రాయి లారీ ఎక్కి కృష్ణపట్నం పోయింది, దారంతా వాన.
కొన్నవాడు పంపిన ఫొటోలో
వెండి చుక్కల మధ్య సన్నగా ఒక వెంట్రుక.
మేనేజరు అరుపులు రేకులకు తగిలి
మళ్లీ మా మీదే పడ్డాయి.
"నేనే సరిగా చెప్పలా" అన్నాడు మాల్యాద్రి.
అబద్ధం. సరిగానే చెప్పాడు.
ఆ మాట పెట్టుకోడానికి నా దగ్గరే చోటు లేకపోయింది.

ఆ రాత్రి టేబుల్ విప్పి మళ్లీ కట్టాను.
ఉంది, లేదు పక్కన ఇంకో గడి,
ఎంత పొడుగైనా రాసుకునేది.
మర్నాటి నుంచి సుత్తి వెనకాలే నోటుబుక్కు.
"గొంతు బొంగురు."
"తూరుపు మూల ఏందో గొణుగుతుంది."
"దీన్ని నిలబెట్టి కొయ్యమను, పడుకోబెట్టి వద్దు."
"ఇదా, దీనికేం, గుడిగంట!"
తెలుగులోనే కొట్టాను అన్నీ.
కొనేవాళ్ల కోసం ఇంగ్లీషు చేసేటప్పుడు
గొణుగుడుకు తగ్గ మాట దొరక్క
ఒక పూటంతా కూర్చుండిపోయాను.

నిన్న ఎనిమిదోది, వీడియోలో.
వెనక కటింగ్ మిషను మోత, కీబోర్డు మీద బూడిదరంగు పొడి.
"మీరు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి."
సారు నేర్పిన నవ్వు తెరుచుకోబోయింది, మూసేశాను.
రెండొందల పద్నాలుగు గురించి చెప్పాను.
ఇంగ్లీషు రెండు చోట్ల విరిగింది,
విరిగిన చోట చేతులతో రాయిని చూపించాను.
అవతల ఆవిడ రాయడం ఆపింది.
"ఆ కొత్త గడి ఆలోచన ఎవరిది?"
నాది అనే మాట నాలుక దాకా వచ్చింది.
మాల్యాద్రి అనే మార్కర్‌ది అన్నాను.
కట్టింది మాత్రం నేను, కరీమున్నీసా, అన్నాను
మొత్తం పేరు, ఒక్క ముక్కగా.

మెయిలు ఇంకా రాలేదు.
మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు దించి మాల్యాద్రి అడిగాడు:
"ఎట్టా పలికిందమ్మాయ్ అవతల?"
కాసేపు చెవిలో మళ్లీ విని చూసుకున్నాను.
"ఇప్పటికి పగులు లేదు బాబాయ్."
అతను తలెత్తి
రామతీర్థం మీద మబ్బు వంక చూశాడు.