ఐదో పీరియడు, బుధవారం

జూన్ పదకొండు. బడి ఇంకా తెరవలేదు.
నాలుగు చార్టులు అతికించి
స్టాఫ్ రూములో నేల మీద పరిచాను.
ఫ్యాను గాలికి లేవకుండా మూలకొక బరువు:
డస్టరు, తాళాల గుత్తి, నా టిఫిను గిన్నె,
నాలుగో మూలకు
తిక్కస్వామి తన చెప్పు విడిచి పెట్టాడు.

లెక్కల టీచర్ని కాబట్టి టైంటేబుల్ నాది.
పంతొమ్మిది వందల నలభై మంది పిల్లలు,
ముప్పై మూడు గదులు, వానొస్తే ముప్పై ఒకటి.
త్రిభుజానికి ఈ ఆదోని బడిలో
భుజాలు మూడే, పేర్లు నాలుగు:
ఉర్దూ గదిలో ముసల్లస్,
ఇంగ్లీషు గదిలో ట్రయాంగిల్,
గోడ అవతల కన్నడ గదిలో
చివరి సున్నా రాలిపోయి, త్రిభుజ.

ఇవి చాలవని కోర్సులొచ్చాయి.
షెడ్డులో వైరింగు, మేడ మీద కుట్టుపని,
గ్రౌండులో ఎన్.సి.సి. బూట్ల దుమ్ము,
రోబోలు చేసే ల్యాబు ఒకటి, దాని తాళంచెవి
ఈ గుత్తిలోనే ఉంది, నలభయ్యొక్కటిలో ఏదో.
అన్నిటికీ గడులు కావాలి.
రోజుకు ఎనిమిదే.
దేవుణ్ణడిగినా తొమ్మిదోది ఇవ్వడు.

కోసిగి నుంచి ప్యాసింజరులో వచ్చే బసవలింగప్ప సారుకు
మొదటి పీరియడు వెయ్యకూడదు.
శుక్రవారం మధ్యాహ్నం షంషాద్ మేడంకు వెయ్యకూడదు.
వైరింగు మౌలాలి సారు కాంట్రాక్టు మనిషి,
ఎక్కడ వేసినా "సరే మేడం" అంటాడు,
అందుకే ఆయన్ని ఎక్కడ పడితే అక్కడ వేశాను.

బడి తెరిచిన మూడో రోజు తలుపు దగ్గర ఒక పిల్ల.
తొమ్మిదో తరగతి, కన్నడ మీడియం, ఉరుకుందమ్మ.
"మేడం, కన్నడా వైరింగూ ఒగే టైముకు పడినాయి."
కుట్టుపనిలో ఖాళీ ఉందమ్మా, చేరు, అన్నాను.
"మిషను మా ఇంట్లో ఉండాది మేడం.
కరెంటే లేదు."

ఒక్క గడి జరిపాను.
పదిహేడు గడులు కదిలాయి.
డ్రిల్లు మాస్టరు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
షంషాద్ మేడం ఏమీ అనకుండా వంగి
తన ఒక్క ఖాళీ గడినీ తనే చెరిపేసింది.
చెరిపి రాసి, చెరిపి రాసి
బుధవారం ఐదో పీరియడు దగ్గర చార్టుకు చిల్లు పడింది.
బీరువాలోని పాత హాజరుపట్టీ చింపి
వెనక నుంచి అంటించాను.
చిల్లులోంచి ఎవరిదో సగం పేరు, "...రన్న",
పక్కన వరసగా సున్నాలు.
ఏ యేటివో, ఏ సుగ్గికి పోయినవాడివో.
దాని మీదే రాశాను: వైరింగు.

దీపావళి దాటింది. ఎదురు మిల్లు నుంచి దూది లేచి
కిటికీలు మూసినా పట్టీ మీద పడుతోంది.
జనవరిలో లారీలొచ్చాయి.
మూటలూ, గిన్నెలూ, కోళ్ల గంపలూ,
మిరప కోతకు గుంటూరు దిక్కు.
ఉరుకుందమ్మ వరసలో ఒక సున్నా, రెండు, పంతొమ్మిది.
ఊదితే దూది పోతుంది.

ఫిబ్రవరి. ఎనిమిదో తరగతికి వర్గమూలాలు చెప్తుంటే ఫోను.
అవతల ట్రాక్టరు చప్పుడు, ఎవరిదో చంటిబిడ్డ ఏడుపు.
"మేడం, నేనే. ఈడ గుడిసెల్లోకి లైను లాగుతాండా.
రైతు ఒప్పుకున్యాడు.
నూట్రలు నల్లదే గదా?"

నాకు తెలియదు.
ఇరవై మూడేళ్లుగా పాఠాలు చెప్తున్నాను, నాకు తెలియదు.
చేతిలో చాక్‌పీసుతోనే మెట్లు దిగి షెడ్డుకు పరిగెత్తాను.
మౌలాలి సారు ఫోను చెవికి పెట్టుకుని
ఈ బడిలో మొదటిసారి గట్టిగా అరిచాడు:
"ముందు మెయిన్ ఆపు తల్లీ!"
టెస్టర్లు పట్టుకున్న ఇరవై ఆరు మందీ
"ఆపూ!" అన్నారు.

అప్పుడు గోడ మీది గడియారం చూశాను.
బుధవారం. ఐదో పీరియడు.

సాయంత్రం పట్టీ తెరిచి
ఆ తేదీ కింద ఆమెకు హాజరు వేశాను.
తప్పే.
పెన్సిలుతో వేశాను.