పొట్టు

గాలి సెకనుకి ఇరవై మీటర్లు దాటగానే
పైన, చాహ్నంటోర్ పీఠభూమి మీద
అరవై ఆరు పళ్ళేలూ కదలడం మానేశాయి.
కింద కంట్రోల్ గదిలో నేనూ, గుడ్రునూ,
చల్లారిపోయిన రికా-రికా కషాయం.

గాలిని చూద్దామని కూర్చున్నాం.
గాలే వద్దంది.

తెర మీద నిన్నటి బొమ్మ అలాగే ఉంది:
ధూళి గూట్లో దాక్కున్న పిల్ల నక్షత్రం.
పిల్ల అంటే, సూర్యుడికి పదిహేను రెట్లు.
దాన్ని మేం చూడలేదు, దాని ఊపిరినే చూశాం.
ఇటు వచ్చేది నీలం, అటు పోయేది ఎరుపు.
రంగులు మేం వేసినవే.

"తిండిపోతు," అంది గుడ్రున్.
"తిన్నదాంట్లో పదో వంతు కక్కేస్తుంది."
ఎందుకు కక్కడం? అన్నాను.
మూడేళ్ళుగా ఈ పళ్ళేలు తిప్పుతూ
ఒక్కసారీ అడగని ప్రశ్న.

పడేదంతా తిరుగుతూ పడుతుందట.
ఆ తిరుగుడుని ఎవరో ఒకరు మోసుకుపోవాలి,
లేకపోతే గుమ్మం దాకా వచ్చినది
గుమ్మం చుట్టూనే తిరుగుతూ ఉండిపోతుంది.
అందుకని కొంత,
మెలిపడ్డ అయస్కాంతపు దారాలు పట్టుకుని
రెండు కొసల్లోంచీ బయటికి దూకేస్తుంది,
మిగతాది లోపలికి పోవడానికి.

మొదట సూదంత సన్నం.
నక్షత్రం బరువెక్కే కొద్దీ, కాగే కొద్దీ
సొంత వెలుగే తోసి తోసి
సూది గరాటు అవుతుంది.
ఆ గరాటే లేకపోతే వెలుగు పోను దారి లేక
వచ్చే ధూళినల్లా వెనక్కి తన్నేది,
పొగగొట్టం లేని పొయ్యిలాగ.
తర్వాత గరాటు కూడా విచ్చుకుని
చేటంత అవుతుంది.

చేట అనగానే నాకు సొకైరే.
అమ్మమ్మ దొమితిలా ఐయావిరే
మధ్యాహ్నం మూడు దాకా కినోవా ముట్టేది కాదు.
గాలి ఇంకా పసిది, అనేది.
మూడు దాటాక
ఉప్పుమైదానం వైపు వీపు పెట్టి
చేతులెత్తి వదిలేది.
గింజ కాళ్ళ దగ్గర.
పొట్టు దూరంగా, విసనకర్ర విప్పినట్టు.
మర్నాడు ఆ పొట్టు పడ్డ తీరు చూసి
ఏ కళ్ళంలో ఎవరు తూర్పారబట్టారో
ఊళ్ళో ఎవరైనా చెప్పేవాళ్ళు.

గుడ్రున్ నవ్వలేదు.
పెన్సిలు తీసి ఏదో రాసుకుని, కొట్టేసి, అడిగింది:
"గాలి రాని రోజున?"

ఈల వేసేది, అన్నాను.
వచ్చేదాకా.

నాలుగింటికి మీటరు పంతొమ్మిదికి దిగింది.
కిటికీ సందులో ఇసుక రాలడం ఆగింది.
పెదాలు గట్టిగా మూసుకుని
ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం.