మలుపు కాడ

"చింతమాను కాడ తిరుక్కో" అని చెప్పినాం
ఆ పొద్దు ఫోన్లో.
చింతమాను కొట్టేసి రెండేండ్లయింది.
చెప్పేవాళ్ళకు ఇంకా ఆడనే ఉంది,
వచ్చేవాడికి లేదు.

నూట ఎనిమిది బండి కూత
మామిడితోపుల అవతల తిరుగుతానే ఉండె,
ఒకసారి దగ్గరగా,
ఒకసారి పలమనేరు దిక్కు.
మంచం మీద ధనమ్మత్త
ఆ కూతనే వింటా వింటా
వినేది మానుకునింది.

దినాలైనాక
చెంగల్రాయుడు సున్నం బక్కెట ఎత్తుకొని పోయి
మలుపులో గుండు మీద రాసినాడు:
దిగువ మూలపల్లె, ఇట్లా.
పల్లెకు ఒత్తు మరిస్తే
బడికి పోయే పిలకాయలు దిద్దినారు.

దావలోకి వంగిన కంపచెట్లు నరికినాం.
టమోటా బాక్సులు ఇంక రోడ్డు మీద పేర్చం.
దొరసామి మాత్రం పేరుస్తాడు,
తిట్టించుకొని తీస్తాడు.
బీపీ మాత్రల చీటీ, ఆధార్ కార్డు
తలుపు వెనక మేకుకు, ఒకే సంచిలో.
ఫోన్ చేసినోళ్ళు ఫోన్ పెట్టేయకూడదు.
ఒకరు టార్చి ఎత్తుకొని మలుపుకు ఉరకాల,
ఇంకొకరు కుక్కను కట్టెయ్యాల.

నిన్న రేత్రి కూత వినబడింది.
ఎవురింట్లో అని ఎవురూ అడగలా.
చెప్పుల్లేకుండా ఉరికినా.
బండి ఆగింది.
"ఎగువ మూలపల్లెకు ఎట్లా పోవాలన్నా?"

మనూరు కాదు.
గుండె నిమ్మళమై,
అంతలోనే సిగ్గేసి,
టార్చి ఎగువ దావ మీదికి తిప్పి
బండి ముందర
ఇంకా కొంతదూరం ఉరికినా.